స్విఫ్ట్ కంపెనీ స్టీరియోకి 4 ఛానెల్ యాంప్, 12 అంగుళాల వూఫర్: నా వైరింగ్ ప్లాన్‌లో తప్పులుంటే చెప్పండి (ఫోరం చర్చ, ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

డిక్కీలో డప్పు

బండి 2019 స్విఫ్ట్ పెట్రోలు. కంపెనీ స్టీరియో మార్చను. స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా దాంతోనే నడుస్తున్నాయి. కొన్న సామాను ఇదీ:

4 ఛానెల్ క్లాస్ డి యాంప్. 4 ఓమ్స్‌కి ఛానెల్‌కి 75 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు), బ్రిడ్జ్ చేస్తే (రెండు ఛానెళ్లు కలిపి ఒకటిగా వాడితే) 4 ఓమ్స్‌కి 220. యాంప్ మీద 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండు. ముందు డోర్లకి 6.5 అంగుళాల కాంపోనెంట్ సెట్ (స్పీకరు, ట్వీటరు విడివిడిగా ఉండేది). 12 అంగుళాల డ్యూయల్ కాయిల్ వూఫర్ (4+4 ఓమ్స్), సీల్డ్ డబ్బా. యాంప్‌కి ఆర్‌సీఏ (సన్న సిగ్నల్ వైరు) ఇన్‌పుట్ మాత్రమే ఉంది కాబట్టి ఒక ఎల్‌ఓసీ (స్టీరియో స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏకి సరిపడేలా మార్చే డబ్బీ). ఆన్‌లైన్‌లో దొరికే 8 గేజ్ (వైరు లావు) వైరింగ్ కిట్.

ప్లాన్: బ్యాటరీ ప్లస్ నుంచి 5 మీటర్ల వైరు డిక్కీ దాకా, అక్కడ యాంప్ పక్కన ఫ్యూజు. ఎర్త్ వెనక సీటు బెల్ట్ బోల్టుకి. రిమోట్ వైరు (యాంప్‌ని ఆన్ చేసేది) కూడా యాంప్ దగ్గరే ప్లస్‌కి కలిపేస్తా, ముందు నుంచి ఇంకో వైరు లాగే పని తప్పుతుంది. వూఫర్ కాయిల్స్ రెండూ ప్యారలల్ చేసి 3, 4 ఛానెళ్లకి బ్రిడ్జ్. యాంప్‌ని వూఫర్ డబ్బా మీదే స్క్రూలతో బిగిస్తా.

ఓమ్స్ లెక్క

ఐదు తప్పులున్నాయి. వాటిలో ఒకటి బండినే తగలబెడుతుంది కాబట్టి ముందు అది.

ఫ్యూజు కాపాడేది యాంప్‌ని కాదు, వైరుని. యాంప్‌ని కాపాడుకోవడానికి దాని ఫ్యూజులు దానికే ఉన్నాయి. మీ 5 మీటర్ల వైరు ఇంజిన్ గదిలోంచి రేకు గోడ దాటి, కార్పెట్ కింద నుంచి వస్తుంది. దారిలో ఎక్కడైనా రేకు అంచు కోసుకుని తొడుగు తెగిందనుకోండి, బ్యాటరీ ఒక్కసారిగా కొన్ని వందల ఆంపియర్లు తోసేస్తుంది. ఆ కరెంటు బాడీలోకి దిగిపోతుంది తప్ప డిక్కీలో ఉన్న ఫ్యూజు దాకా రాదు, అది కాలదు. కార్పెట్ కింద వైరు మాత్రం ఎర్రగా కాలుతుంది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి వైరు పొడవులో 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి.

విలువ 40 ఆంపియర్లు చాలు. మంచి రాగి 8 గేజ్‌కి 50 వరకూ ఫర్వాలేదు. కిట్‌లో 60దో 80దో వస్తే దాన్ని పక్కన పడేయండి.

రిమోట్ వైరు పర్మనెంట్ ప్లస్‌కి ఇస్తే యాంప్ ఎప్పటికీ ఆఫ్ అవదు. పాట లేకపోయినా యాంప్ ఇంచుమించు ఒక ఆంపియర్ తాగుతూనే ఉంటుంది. బండిలో ఉన్నది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుంటే, శనివారం రాత్రి పార్క్ చేస్తే సోమవారం ఉదయం సెల్ఫ్ తిరగదు. మీ ఎల్‌ఓసీకి రిమోట్ అవుట్‌పుట్ ఉందా చూడండి. చాలా వాటికి ఉంటుంది. స్టీరియో ఆన్ అయిందని స్పీకర్ వైర్లలోనే పసిగట్టి యాంప్‌కి 12 వోల్టులు ఇస్తుంది. లేకపోతే డ్యాష్‌బోర్డు ఫ్యూజు బాక్సులో కీ తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు దగ్గర ఫ్యూజ్ ట్యాప్ పెట్టి, 1 ఆంపియర్ ఫ్యూజుతో తెచ్చుకోండి.

కోఠి మల్టీమీటర్

సీట్ బెల్ట్ బోల్ట్‌కి ఎర్త్ ఇయ్యొద్దన్నా. ఒకటి, అది ప్రాణం కాపాడే బోల్టు. దాని కింద లగ్గు (వైరు కొసకుండే రింగు) పెడితే కంపెనీ బిగింపు పోతది. రెండు, దాని మరల మీద జిగురు, చుట్టూ పెయింటు ఉంటయి. మీటర్‌ల చూస్తే కనెక్షన్ ఉన్నట్టే చూపిస్తది, 30 ఆంపియర్లు లాగినప్పుడు మాత్రం కుదరదు.

డిక్కీల బాడీ దళసరి రేకు చూస్కో. పల్చటి బ్రాకెట్, సీటు హింజ్ వద్దు. పావలా బిళ్ళంత జాగా గరుకు కాగితంతో రుద్ది పెయింటు, దాని కింద ప్రైమర్ రెండూ పోయి రేకు తళతళ మెరిసేదాకా తియ్యి. లగ్గు, దాని మీద పళ్ల వాషర్, 8 ఎంఎం బోల్టు, ఎనక నట్టు. బిగించినంక మీదికెళ్లి వ్యాసలీన్ పుయ్యి, లేకపోతే ఒక్క వానకాలంల తుప్పు పడతది. వైరు 45 సెంటీమీటర్లు దాటొద్దు, ప్లస్ వైరు ఎంత లావో ఇది గంతే లావు.

డ్రిల్ చేసే ముందు బండి కిందికెళ్లి చూడు. వెనక సీటు కింద పెట్రోల్ ట్యాంకు ఉంటది. బ్రేక్ పైపులు కూడా అక్కడిదాకనే పోతయి.

ఓమ్స్ లెక్క

ఇక వూఫర్. రెండు 4 ఓమ్స్ కాయిల్స్ ప్యారలల్ చేస్తే 2 ఓమ్స్. బ్రిడ్జ్ చేసిన యాంప్‌లో ఒక్కో ఛానెల్‌కి కనిపించేది అందులో సగం, అంటే 1 ఓమ్. మీ యాంప్ బ్రిడ్జ్‌లో తట్టుకునేది 4 ఓమ్స్. తక్కువ సౌండులో పాడుతుంది, వాల్యూమ్ పెంచగానే ఎర్ర లైటు వెలిగి ప్రొటెక్షన్‌లోకి పోతుంది. చల్లారాక మళ్లీ పాడుతుంది, మళ్లీ ఆగుతుంది. “యాంప్ పీస్ చెడ్డది” అని వెనక్కిచ్చే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే.

సిరీస్ చేస్తే 8 ఓమ్స్, బ్రిడ్జ్‌లో దాదాపు 150 వాట్లు వస్తాయి. అదే వూఫర్ 2+2 ఓమ్స్ మోడల్ దొరికి, షాపువాడు మార్చి ఇస్తే, సిరీస్‌లో కచ్చితంగా 4 ఓమ్స్ అవుతుంది. మొత్తం 220 వాట్లు మీవే. డబ్బా ఇంకా విప్పకపోతే మార్చుకోండి. కుదరకపోతే 150తోనే కానివ్వండి. రెంటికీ తేడా 1.7 డెసిబెల్స్ మాత్రమే, గొడవ పడేంత విషయం కాదు.

ఆటోనగర్ పానా

అందరూ వైరు సైజు గురించే మాట్లాడుతున్నారు, వైరు దేనితో చేశారన్నది ఎవరూ అడగలేదు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి వచ్చే కిట్లలో ఎక్కువ భాగం సీసీఏ, అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే సీసీఏ. గీకినా ఎర్రగానే ఉంటే రాగి.

బేస్ బుల్లోడు

సీసీఏ అయితే ఏమైందండీ? వేలమంది అదే వేసుకుంటున్నారు. బళ్లేమీ తగలబడట్లేదు కదా.

ఆటోనగర్ పానా

తగలబడతాయని నేననలేదండీ, ఫ్యూజు సరిగ్గా ఉంటే. లెక్క చెప్తా చూడండి. 8 గేజ్ అంటే 8.4 చదరపు మిల్లీమీటర్లు. అసలు రాగి 5 మీటర్లు, 30 ఆంపియర్లు: దారిలో పోయేది 0.3 వోల్టు. అదే లావు సీసీఏలో 0.5. బేస్ దెబ్బ పడినప్పుడు కరెంటు 40కి ఎగిరితే 0.7 వోల్టు వైరులోనే ఆవిరి. అసలు బాధ లగ్గు దగ్గర. అల్యూమినియం బిగింపు కింద మెల్లగా నలిగి వదులవుతుంది, గాలి తగిలితే పైన పొర కడుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. ఆర్నెల్ల తర్వాత ఫ్యూజు హోల్డరు ప్లాస్టిక్ కరిగిందని ఫొటోలు పెడుతుంటారే, అవి ఇవే.

సీసీఏనే వేయాలంటే 4 గేజ్ తీసుకోండి. 21 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి సరిపోతుంది. గేజ్ మాట పక్కన పెట్టి ఎలక్ట్రికల్ షాపులో 10 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ రాగి వైరు అడిగినా పనైపోతుంది. 6 మీటర్లు ప్లస్‌కి, అర మీటరు ఎర్త్‌కి. లగ్గులు 10 స్క్వేర్‌వి. లగ్గుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కి వదిలేయకండి, క్రింపింగ్ టూల్‌తోనే. పైన హీట్ ష్రింక్ స్లీవ్.

బేస్ బుల్లోడు

ఒప్పుకుంటా. కానీ ఒక 1 ఫారడ్ కెపాసిటర్ పెడితే ఆ డ్రాప్ అంతా కవర్ అవుతుందిగా? హెడ్‌లైట్లు మినుకు మినుకుమనడం కూడా ఆగుతుంది.

ఓమ్స్ లెక్క

ఆగదు. 1 ఫారడ్ కెపాసిటర్ 13.8 నుంచి 12.8కి దిగేలోపు ఇచ్చేది సుమారు 13 జౌళ్లు. మీ యాంప్ పూర్తి జోరులో లాగేది సెకనుకి 460 జౌళ్లు. అంటే సెకనులో 35వ వంతు సేపు సాయం. ఆ తర్వాత దాన్ని మళ్లీ నింపేది ఆల్టర్నేటరే. ఆ డబ్బుతో మంచి వైరు కొనండి.

460 ఎక్కడిదంటారేమో: ముందు 75+75, వూఫర్ 220, మొత్తం 370. క్లాస్ డి సామర్థ్యం 80 శాతం అనుకుంటే బ్యాటరీ వైపు 462 వాట్లు. 13.8తో భాగిస్తే 33.5 ఆంపియర్లు. ఇదీ గరిష్ఠమే, పాటలో సగటు ఇందులో మూడో వంతు కూడా ఉండదు. ఈ లెక్కని తిరగేస్తే అట్ట మీద “2000 వాట్లు” అని రాసుకునే యాంపుల గుట్టు కూడా తెలుస్తుంది. ఫ్యూజులు మొత్తం 40 ఆంపియర్లయితే, 40 × 13.8 × 0.8, అంటే 440 వాట్లు. అంతకు మించి ఒక్క వాట్ కూడా నిలకడగా ఇవ్వలేదు.

డిక్కీలో డప్పు

వూఫర్ మార్చలేదు, సిరీస్ చేస్తాను. గీకి చూశా, కిట్ వైరు తెల్లగానే ఉంది. 10 స్క్వేర్ రాగి తెచ్చుకుంటా. ఇప్పుడు రెండు అనుమానాలు. ఎల్‌ఓసీ డ్యాష్‌బోర్డు వెనకా, డిక్కీలోనా? కంపెనీ స్పీకర్ వైర్లు కోస్తే వారంటీ పోతుందంటున్నారు, నిజమేనా?

నిశ్శబ్దం కావాలి

కోయక్కర్లేదు. స్టీరియో వెనక కప్లర్‌కి సరిపోయే మగ, ఆడ కప్లర్ల జత దొరుకుతుంది, మధ్యలో పెట్టుకోండి. అందులోంచి ముందు స్పీకర్ల జతలు రెండూ ఎల్‌ఓసీకి పోతాయి, యాంప్ 1, 2 ఛానెళ్ల అవుట్‌పుట్ అదే కప్లర్ ద్వారా కంపెనీ డోర్ వైర్లలోకి తిరిగొస్తుంది. డోర్ రబ్బరు గొట్టంలోంచి కొత్త వైరు తోసే నరకం తప్పుతుంది. కంపెనీ వైరు సన్నం అంటారు. నిజమే, కానీ అర చదరపు మిల్లీమీటరు వైరు పోను 3 మీటర్లు, రాను 3 మీటర్లు కలిపి 0.2 ఓమ్. తగ్గేది అర డెసిబెల్ లోపు. చెవికి తెలియదు.

ఒక హెచ్చరిక. కంపెనీ స్టీరియో స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు. రెండు వైర్ల మీదా సుమారు 6 వోల్టుల డీసీ ఉంటుంది. మైనస్‌ని బాడీకి తాకించారా, స్టీరియోలో అవుట్‌పుట్ ఐసీకి నూకలు చెల్లినట్టే.

ఎల్‌ఓసీ డిక్కీలో, యాంప్ పక్కన పెట్టండి. స్పీకర్ లెవెల్ సిగ్నల్ చాలా వోల్టులు ఉంటుంది కాబట్టి దారిలో చెత్త పట్టదు. మెలివేసిన జతలైతే ఇంకా మేలు. ఆర్‌సీఏ అర మీటరు ముక్క చాలు. ఎల్‌ఓసీ ఎర్త్ కూడా యాంప్ ఎర్త్ బోల్టుకే. వేరే చోటికి ఇస్తే గొడవ మొదలవుతుంది, ఎందుకో ఇక్కడ చెప్పను, ఎలాగూ ఎవరో ఒకరు ఆ తప్పు చేసుకుని వస్తారు.

పవర్ వైరు ఒక పక్క గుమ్మం కింద, సిగ్నల్ జతలు రెండో పక్క. పసుపు రంగు కప్లర్లు ఎక్కడ కనిపించినా ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి.

వారంటీ సంగతి: తొడుగు కోసిన వైరు కనిపిస్తే ఎలక్ట్రికల్ క్లెయిమ్‌కి వంక దొరికినట్టే. కప్లర్ పద్ధతిలో సర్వీసుకి ఇచ్చే ముందు విప్పేసుకోవచ్చు.

ఆటోనగర్ పానా

రేకు గోడ దాటించేటప్పుడు కొత్త కన్నం వేయకండి. కంపెనీ వైరు కట్ట వెళ్లే రబ్బరు గ్రోమెట్ పక్క మూలకి చిన్న గాటు పెట్టి, వైరుకి సబ్బునీళ్లు రాసి తోయండి. ఇంజిన్ వైపు మొత్తం ఫ్లెక్సిబుల్ పైపు తొడగండి. ఎగ్జాస్ట్‌కి, బెల్టుకి, లోపల పెడల్స్‌కి దూరంగా కట్టండి.

యాంప్ డబ్బా మీద వద్దు. వూఫర్ అదురుకి లోపల సోల్డర్ జాయింట్లు పగులుతాయి. వెనక సీటు వీపుకి ప్లైవుడ్ ముక్క బిగించి దాని మీద పెట్టండి. ట్రే కింద తలకిందులుగా వేలాడదీసేవాళ్లున్నారు, వేడి మళ్లీ యాంప్ మీదికే వస్తుంది. మే నెలలో బెజవాడ ఎండలో నిలబెట్టిన బండి డిక్కీ సంగతి తెలుసుగా.

ఇది చదివే ఎర్టిగా, సియాజ్ స్మార్ట్ హైబ్రిడ్ వాళ్లకి: ముందు సీటు కింద లిథియం బ్యాటరీ ఉంటుంది, అక్కడ యాంప్ పెట్టే ఆలోచన మానుకోండి. బ్యాటరీ మైనస్ మీద సెన్సార్ ఉన్న ఏ బండిలో అయినా యాంప్ ఎర్త్ బాడీకే ఇవ్వాలి. సెన్సార్ దాటేసి నేరుగా మైనస్ టెర్మినల్‌కి ఇస్తే బండి కంప్యూటర్ లెక్క తప్పుతుంది.

డిక్కీలో డప్పు

మొత్తం బిగించాను. పాడుతోంది. కానీ ఇంజిన్ ఆన్ చేస్తే కుయ్‌మని ఈల. యాక్సిలరేటర్ నొక్కితే ఈల కూడా పెరుగుతుంది. ఎల్‌ఓసీ డిక్కీలోనే పెట్టాను. దాని ఎర్త్ వైరు పొట్టిగా ఉండటంతో దగ్గర్లో ఉన్న వెనక లైటు బ్రాకెట్ స్క్రూకి ఇచ్చాను.

నిశ్శబ్దం కావాలి

చెప్పలేదూ!

రుజువు చేసుకుని మరీ సరిచేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్టీరియో సౌండ్ సున్నా చేసి, యాంప్ దగ్గర ఆర్‌సీఏలు పీకండి (ముందు రిమోట్ తీసి యాంప్ ఆపాలి, లేకపోతే ధబ్‌మంటుంది). యాంప్ మళ్లీ ఆన్ చేస్తే ఈల లేదంటే యాంప్, దాని ఎర్త్ నిర్దోషులు. తర్వాత ఛార్జింగ్‌లో లేని ఫోన్‌ని నేరుగా యాంప్‌కి కలపండి. అప్పుడూ లేదంటే దొంగ ఎల్‌ఓసీ వైపే.

కారణం: లైటు బ్రాకెట్ ఎర్త్‌కీ, మీ యాంప్ ఎర్త్‌కీ మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉంది. ఆల్టర్నేటర్ అలలు ఆ తేడాలో ఊగుతాయి. ఆర్‌సీఏ పైపొర ఆ రెంటినీ కలుపుతుంది కాబట్టి, యాంప్ దాన్ని పాటలో భాగమే అనుకుని పెంచి వినిపిస్తుంది. వైరు అతికించి యాంప్ ఎర్త్ బోల్టుకే తెండి. షాపుల్లో దొరికే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ జోలికి ఇప్పుడే పోకండి. చౌక రకాలు ఈలతో పాటు కింది బేస్‌ని కూడా మింగేస్తాయి.

కోఠి మల్టీమీటర్

ఎర్త్ ఎట్లున్నదో కూడా ఇప్పుడే చూస్కో. ఓమ్స్‌ల పెట్టి కొలవకు, మీటర్ వైర్లదే 0.3 ఓమ్ ఉంటది. మీటర్‌ని డీసీ వోల్ట్స్‌ల పెట్టు. ఒక కొస యాంప్ ఎర్త్ టెర్మినల్‌కి, పొడుగు వైరుతోని ఇంకో కొస బ్యాటరీ మైనస్‌కి. సౌండ్ దంచు. 0.1 వోల్ట్ లోపుంటే మస్తు. 0.3 దాటితే రేకు మళ్లీ రుద్దుడే.

డిక్కీలో డప్పు

ఈల పూర్తిగా పోయింది. ఎర్త్ డ్రాప్ 0.07. ఇప్పుడు గెయిన్ ఎక్కడ పెట్టాలి? ప్రస్తుతానికి మధ్యలో ఉంది.

ఓమ్స్ లెక్క

గెయిన్ వాల్యూమ్ కాదు. ఎల్‌ఓసీ నుంచి వచ్చే వోల్టేజీకి, యాంప్ పూర్తి సత్తాకి పొత్తు కుదిర్చే మర. మధ్యలో పెట్టడమంటే గుడ్డి లెక్కే.

యాంప్ నుంచి స్పీకర్ వైర్లన్నీ తీసేయండి. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నా, లౌడ్‌నెస్ ఆఫ్. యాంప్ మీద బేస్ బూస్ట్ సున్నా, ఫిల్టర్లు ఆఫ్. వాల్యూమ్ గరిష్ఠంలో మూడొంతులు. కంపెనీ స్టీరియో అంతకు మించితే సొంతంగానే గీరడం మొదలుపెడుతుంది. పెన్ డ్రైవ్‌లో 0 డెసిబెల్స్ సైన్ టోన్ పెట్టి పాడించండి. 3, 4కి 50 హెర్ట్జ్, 1, 2కి 300 హెర్ట్జ్. ముందు ఛానెళ్లకి 1000 హెర్ట్జ్ వాడమని రాస్తుంటారు కానీ చౌక మల్టీమీటర్లు 400 దాటితే ఏసీ వోల్టులు తప్పు చూపిస్తాయి.

మీటరు ఏసీ వోల్టుల్లో, యాంప్ అవుట్‌పుట్ దగ్గర. సూత్రం: వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం. ముందు ఛానెల్ 75 × 4 = 300, వర్గమూలం 17.3 వోల్టులు. వూఫర్ 150 × 8 = 1200, వర్గమూలం 34.6. గెయిన్ మెల్లగా తిప్పి ఆ అంకె దగ్గర ఆపండి. వూఫర్‌కి నేనైతే 31 దగ్గరే ఆపుతాను. యాంప్ సత్తాకి మించి పెంచితే సిగ్నల్ అల తల తెగుతుంది. మీటరుకి అది తెగిందో లేదో కనిపించదు, ఆసిలోస్కోపుకే కనిపిస్తుంది. తల తెగిన అల కాయిల్‌కి ఎక్కువ వాట్లు పంపి, వేడెక్కించి కాల్చేయగలదు. 

తర్వాత ఫిల్టర్లు: ముందు స్పీకర్లకి హై పాస్ (పై శబ్దాలనే పోనిచ్చేది) 80 హెర్ట్జ్, వూఫర్‌కి లో పాస్ (కింది శబ్దాలనే పోనిచ్చేది) 80. సీల్డ్ డబ్బా కాబట్టి సబ్‌సోనిక్ (మరీ కింది శబ్దాలని ఆపే ఫిల్టర్) అక్కర్లేదు. గొట్టం ఉన్న డబ్బా అయితే 25, 30 హెర్ట్జ్ మధ్య తప్పనిసరి.

కోఠి మల్టీమీటర్

అంతా అయినంక లాస్ట్ చెక్ ఒకటి. బండి లాక్ చేసి పావుగంట ఆగు. బ్యాటరీ మైనస్ తీసి మీటర్ 10 ఆంపియర్ల సాకెట్‌ల పెట్టి, మైనస్ వైరుకి టెర్మినల్‌కి నడుమ కలుపు. కలిపినప్పుడు కరెంట్ కొంచెం ఎక్కువుంటది, బండి కంప్యూటర్లు పడుకునేదాకా ఆగు. 50 మిల్లీ ఆంపియర్ల లోపు రావాలె. మీటర్ నడుమ ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజ్ ఫట్.

డిక్కీలో డప్పు

17.2, 31.0 పెట్టాను. లాక్ చేశాక 22 మిల్లీ ఆంపియర్లు. యాంప్ గంటసేపు పాడాక చెయ్యి ఆనించగలిగేంత వేడే. ఒక్క డౌటు: వూఫర్ ఫేజ్ స్విచ్ (వూఫర్ అలని తిరగేసేది) 180లో పెడితే బేస్ నిండుగా ఉంది, 0లో పలచబడుతోంది. అలాగే ఉంచొచ్చా?

నిశ్శబ్దం కావాలి

ఒకసారి ముందు డోర్ స్పీకర్ల ప్లస్, మైనస్ చూడండి. యాంప్ దగ్గర స్పీకర్ వైరు తీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోన్ బయటికి కదలాలి. రెండు డోర్లూ, వూఫరూ ఒకేలా కదిలితే 180లోనే ఉంచేయండి, డ్రైవర్ సీటు దగ్గర 80 హెర్ట్జ్ అలలు అలా కలుస్తున్నాయన్నమాట. ట్వీటర్లకి మాత్రం ఈ సెల్లు పరీక్ష చేయొద్దు.

ఆటోనగర్ పానా

నెల తర్వాత ఫ్యూజు హోల్డరు, ఎర్త్ బోల్టు, యాంప్ టెర్మినల్ స్క్రూలు ఇంకోసారి బిగించండి. కొత్త రాగి వైరు నొక్కుడుకి సర్దుకుంటుంది, పావు తిప్పు ఎప్పుడూ దొరుకుతుంది.